సోమిద చెట్టును లోకానికి చూపిన సామర్లకోట డాక్టరు

సామర్లకోట అనగానే ఎవరికైనా ముందుగా గుర్తుకు వచ్చేది కుమారారామ భీమేశ్వరస్వామి ఆలయం. ఆ తర్వాత రైల్వే జంక్షన్. అయితే ఇదే ఊళ్ళో రెండు వందల ఏళ్ళకు పూర్వం ఒక తెల్లదొర పన్నెండేళ్ళు కాపురముండి, మన మన్యం కొండల్లోని చెట్టూ చేమా ఒక్కొక్కటే వెదికి, వాటి తెలుగు పేర్లతో సహా కాగితం మీద పెట్టిన సంగతి చాలామందికి తెలియదు. ఆయన పేరు విలియం రాక్స్‌బర్గ్. వృత్తిరీత్యా వైద్యుడు. కోటలోని సిపాయిలకు మందులిచ్చేందుకు ఈస్టిండియా కంపెనీ ఆయనను ఇక్కడికి పంపింది. భారత వృక్షశాస్త్రానికి పితామహుడని ఈనాటికీ శాస్త్రజ్ఞులు చెప్పుకునేది ఈయన గురించే.

అడవిలో ఎన్నడూ చూడని చెట్టు ఒకటి పూత పూసి కనబడితే అదేమిటో తేల్చడం ఎలా? చూడగానే సులువుగా తోస్తుంది గాని ఇది చిక్కు ప్రశ్న. ఆకును చూసి చెప్పబోతే లేత మొక్కకు ఒక తీరున, ముదురు చెట్టుకు మరో తీరున ఆకులుంటాయి. బెరడు చూసి చెప్పబోతే అదే చెట్టు మెట్టలో ఒక రంగు, వాగు ఒడ్డున మరో రంగు. పేరు అడిగితే ఈ ఊరి పేరు పక్క ఊరిలో చెల్లదు. ఒకే పేరుతో రెండు చెట్లు, ఒకే చెట్టుకు నాలుగు పేర్లు ఉండడం పల్లెల్లో ఎరుగనిది కాదు. ఈ చిక్కు విప్పడానికే రాక్స్‌బర్గ్ తన జీవితంలో ఎక్కువ భాగం వెచ్చించాడు.

ఆయన 1751లో స్కాట్లాండు దేశంలోని ఎయిర్‌షైర్‌లో పుట్టాడు. ఎడింబరో నగరంలో వైద్యం చదివాడు. ఆ రోజుల్లో వైద్య విద్యార్థి చెట్ల శాస్త్రం కూడా నేర్వవలసి ఉండేది. మందులన్నీ చెట్ల నుంచి వచ్చేవే గనుక. అక్కడ ఆయనకు జాన్ హోప్ అనే ఆచార్యుడు గురువు. స్వీడన్ దేశపు లిన్నేయస్ పండితుడు అప్పటికే చెట్లను వర్గాలుగా విభజించే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. ఆకును, బెరడును పక్కన పెట్టి పువ్వును విప్పి చూడమన్నది ఆ పద్ధతి. పువ్వులో పుప్పొడి కేసరాలు ఎన్ని, అవి విడివిడిగా ఉన్నాయా కలిసి ఉన్నాయా, నడిమి అండకోశం ఎలా ఉంది అని లెక్క పెడితే చెట్టు ఏ వర్గానిదో తెలుస్తుంది. హోప్ ఆ పద్ధతిని శిష్యులకు బాగా నూరిపోశాడు.

చదువుతో పాటే కంపెనీ ఓడల్లో వైద్యుడి సహాయకుడుగా తిరిగిన రాక్స్‌బర్గ్ 1776లో మద్రాసులో కంపెనీ వైద్యుల కొలువులో చేరాడు. అక్కడ ఉండగానే వానలు, గాలులు, ఎండ వేడి లెక్కలు రాసి ఉంచే అలవాటు చేసుకున్నాడు. ఆ లెక్కలు లండన్‌లోని రాయల్ సొసైటీ వారి సంచికల్లో అచ్చయ్యాయి. 1781లో సామర్లకోటకు బదిలీ అయింది.

కోట, తోట, ఉప్పెన

అప్పటి సామర్లకోట అంటే కంపెనీ దండు దిగి ఉన్న చోటు. ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. రైతుల వద్ద శిస్తు వసూలు చేసుకునేవారు పెద్దాపురం, పిఠాపురం జమీందారులు. వారి పైన కంపెనీ. సిపాయిలకు కావలసినది జ్వరాలకు మందు. దొరలకు కావలసినది ఓడలకెత్తి అమ్ముకోదగిన సరుకు. చెట్ల డాక్టరు వల్ల రెండూ అవుతాయని కంపెనీ ఆశ. చెట్ల మీద ప్రేమతో ఆయనకు జీతమిచ్చిందనుకుంటే పొరపాటు.

రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఒక తోట వేశాడు. మిరియం, కాఫీ, దాల్చినచెక్క, జాజికాయ, మల్బరీ, సీమపనస వంటివి పెంచి చూశాడు. రాజమండ్రి కొండల్లో మిరియపు తీగ దానంతటదే పెరుగుతున్నదని కనుగొని దానిని తెచ్చి నాటించాడు. పట్టుపురుగుల పెంపకం ప్రయత్నించాడు. లక్క పురుగు ఎలా పుడుతుంది, ఎలా గూడు కడుతుంది అన్న విషయం మీద ఆయన సామర్లకోట నుంచి రాసిన వ్యాసం 1791లో రాయల్ సొసైటీ సంచికలో వచ్చింది. పెద్దాపురం, పిఠాపురం ప్రాంతాల్లో రైతులు చెరకు ఎలా నాటుతున్నారు, నీరు ఎలా పెడుతున్నారు, బెల్లం ఎలా వండుతున్నారు అన్నది కూడా వివరంగా రాశాడు. ఆయన వేసిన తోట పంటల్లో కొన్ని నిలిచాయి, కొన్ని ఎండిపోయాయి. మిరియం మీద కంపెనీ పెట్టుకున్న ఆశలు మాత్రం అనుకున్నంతగా పండలేదు.

ఆయనకు పొరుగున ఇద్దరు పెద్దలు ఉండేవారు. ఒకరు యోహాన్ కోనిగ్. సాక్షాత్తూ లిన్నేయస్ శిష్యుడు. 1768లో తరంగంబాడికి మిషన్ వైద్యుడుగా వచ్చి, తర్వాత కంపెనీ కొలువులో చెట్ల పరిశోధకుడయ్యాడు. 1785లో ఈ దారిన ప్రయాణం చేస్తూ విరేచనాల జబ్బు పడ్డాడు. రాక్స్‌బర్గ్ వైద్యం చేశాడు గాని ఫలితం లేకపోయింది. ఆ ఏడాది జూన్‌లో కాకినాడ జగన్నాథపురంలో కోనిగ్ కన్నుమూశాడు. లిన్నేయస్ శిష్యుడు ఒకరు మన జగన్నాథపురంలో పోయారన్న సంగతి కాకినాడ వారిలోనే ఎందరికి తెలుసునో.

రెండవ వ్యక్తి విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్. కోనిగ్ తర్వాత ఆ పదవి ఈయనకు వచ్చింది. పాముల మీద పెద్ద పుస్తకం రాసింది ఈయనే. రక్తపింజరను ఇంగ్లీషువారు నేటికీ రస్సెల్ పేరు పెట్టి పిలుస్తారు. ఆయన తన పుస్తకంలో ఆ పాముకు రాసిన పేరు మన వాళ్ళు చెప్పిన కాటుకరేకుల పొడ అన్నదే. ఈ దేశంలో ఉపయోగపడే చెట్లన్నిటికీ బొమ్మలతో ఒక పుస్తకం ఉండాలని కంపెనీకి మొదట సూచించింది రస్సెల్. ఆ పని చివరకు రాక్స్‌బర్గ్ భుజాన పడింది. 1790లో రస్సెల్ స్థానంలో ఆయనకే పదవి దక్కింది.

అంతకు మూడేళ్ళ ముందే ఆయనకు పెద్ద దెబ్బ తగిలింది. 1787 మే నెలలో కోరంగి తీరాన్ని ఉప్పెన ముంచెత్తింది. కోరంగి, ఇంజరం ప్రాంతాల్లో ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయి. వేలాది ప్రాణాలు పోయాయి. పశువులకు లెక్క లేదు. ఆ విపత్తులో రాక్స్‌బర్గ్ పుస్తకాలు, రాతలు, ఏళ్ళ తరబడి ఎండబెట్టి దాచిన కొమ్మలు, పువ్వులు అన్నీ నీటి పాలయ్యాయి. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేళ్ళు. పదకొండేళ్ళ పాటు చేర్చినది ఒక్క గాలివానకు పోయింది. మరొకరైతే చేతులు దులుపుకుని ఓడ ఎక్కేవారే. ఆయన మాత్రం మళ్ళీ మొదటి చెట్టు నుంచి మొదలుపెట్టాడు. నేడు లోకం చెప్పుకుంటున్న పని చాలా మట్టుకు ఆ ఉప్పెన తర్వాత చేసినదే.

పేరు అడగడం, పువ్వు విప్పడం

ఈసారి పద్ధతి మరింత గట్టిది. స్థానిక చిత్రకారులను జీతానికి పెట్టుకుని, చెట్టు కొమ్మను ఉన్నది ఉన్నట్టుగా రంగుల్లో గీయించాడు. ఆకు, మొగ్గ, పువ్వు, కాయ, గింజ, అంతా అసలు పరిమాణంలో. పువ్వును రేకు రేకుగా విప్పి లోపలి భాగాలను అడుగున విడిగా వేయించాడు. బొమ్మకు తోడు వివరణ. చెట్టు ఏ నేలలో పెరుగుతుంది, ఏ నెలలో పూస్తుంది, ఎప్పుడు కాయ ముదురుతుంది, కర్ర దేనికి పనికొస్తుంది, బెరడు దేనికి వాడతారు అని క్రమంగా రాశాడు. వీటితో పాటు తెలుగువారు దానిని ఏమని పిలుస్తారో తప్పకుండా రాశాడు. పేరు పక్కన తెలింగ అని గుర్తు పెట్టేవాడు.

ఈ తెలుగు పేర్లే ఆయనకు మొదటి ఆధారం. చెట్టు వద్దకు తీసుకుపోయి ఇది ఫలానా అని చెప్పగలిగేది ఆ ఊరి మనిషే. కర్ర కొట్టేవాడు, మందు నూరేవాడు, రంగు వేసేవాడు, పడవ చెక్కేవాడు చెప్పిన మాటలు ఆ పుస్తకాల నిండా ఉన్నాయి. శాస్త్రజ్ఞుడు చేసినది, ఆ మాటను పట్టుకుని పువ్వు విప్పి నిజానిజాలు తేల్చడం. పేరు చెప్పినవారి పేర్లు మాత్రం పుస్తకానికి ఎక్కలేదు.

ఉదాహరణకు మోదుగను తీసుకోవచ్చు. ఎండాకాలం మొదట్లో ఆకు రాల్చి చెట్టంతా నిప్పు అంటుకున్నట్టు పూసే మోదుగను ఎరుగని పల్లె లేదు. దాని పువ్వును విప్పితే అనప పువ్వు, చిక్కుడు పువ్వు కట్టుబాటే కనిపిస్తుంది. పైన నిలిచిన రేకు ఒకటి, పక్కన రెండు, కింద పడవలా ముడుచుకున్నది ఒకటి. లోపల పది కేసరాలు. తొమ్మిది ఒక కట్టుగా అతుక్కుని ఉంటే పదవది ఒంటరిగా ఉంటుంది. అంటే ఇంత చెట్టూ చిక్కుడు జాతికి చుట్టమన్నమాట. కాయ కూడా చిక్కుడు కాయ వంటిదే గాని కొన దగ్గర ఒక్కటే గింజ. రాక్స్‌బర్గ్ ఇదంతా రాసి, పువ్వుల నుంచి వచ్చే పసుపు రంగును, బెరడు నుంచి కారే ఎర్రని బంకను కూడా వర్ణించాడు. చెట్టు జాతికి ఇంగ్లండులోని బ్యూట్ ప్రభువు పేరు మీదుగా బ్యూటియా అన్న పేరు నిలిచింది. మోదుగ ఆకులో అన్నం తినే జనానికి ఆ ప్రభువెవరో తెలియవలసిన అవసరం కలగలేదు.

ఆయన సర్కారు చెట్ల పుస్తకం, అంటే కోరమాండల్ తీరపు మొక్కలు అన్న గ్రంథం, మొదటి సంపుటం 1795లో లండన్‌లో అచ్చయింది. అందులో మొట్టమొదటి బొమ్మ తణుకు చెట్టుది. తెప్పలు కట్టడానికి తణుకు కర్ర కంటె మంచిది లేదని, తేలికగా ఉండి అలల మీద నిలుస్తుందని తీరం వారు చెప్పినది ఆయన రాసుకున్నాడు. అదే సంపుటంలో చిరివేరు ఉంది. అద్దకం పనివారు బట్టకు ఎరుపు ఎక్కించేది ఆ వేరుతోనే. చిల్లగింజ చెట్టు ఉంది. వానాకాలంలో బురద నీటిని కుండలో పోసే ముందు ఆ గింజను కుండ లోపల అరగదీస్తే మట్టి అడుగుకు దిగి నీరు తేటపడుతుందని మన ఆడవారికి తెలిసిన విషయాన్ని ఆయన పూర్తిగా వివరించాడు. పెద్దమాను ఉంది. తునికి ఉంది. తునికి పేరును తుమిద అని విని అలాగే రాసుకున్నాడు. మన్యంలో వేసవి వచ్చిందంటే బీడీ ఆకు కోసే కూలీలు ఏ చెట్టు చుట్టూ తిరుగుతారో ఆ చెట్టుకు శాస్త్రం వారు నేటికీ వాడే పేరు సామర్లకోట డాక్టరు పెట్టినదే.

అంకుడు చెట్టు సంగతి మరొకటి. ఏటికొప్పాక లక్క బొమ్మలు చేసేది అంకుడు కర్రతోనే. తెల్లని పూలగుత్తులతో, జంటగా వేలాడే సన్నని పొడవాటి కాయలతో ఇది సులువుగా గుర్తు పట్టదగిన చెట్టు. కోస్తే పాలు కారుతాయి. దీని ఆకులను వేడి నీటిలో ఉంచితే నీలిమందు దిగుతుందని రాక్స్‌బర్గ్ ప్రయోగాలు చేసి చూపించాడు. రంగునిచ్చేది అన్న అర్థంలో లాటిన్ పేరు పెట్టాడు. ఆ నీలి వ్యాపారం పెద్దగా సాగలేదు. పేరు మాత్రం చెట్టుకు అంటిపెట్టుకుని ఉంది.

జ్వరానికి సోమిద చెక్క

రాక్స్‌బర్గ్ ఇక్కడ గుర్తించిన చెట్లలో ఆయన ఎక్కువ ఆశ పెట్టుకున్నది సోమిద. సోమి అని కూడా అంటారు. చలికాలం వెళ్ళి ఎండలు మొదలయ్యే రోజుల్లో కొమ్మల చివర పెద్ద పెద్ద గుత్తులుగా తెల్లని చిన్న పువ్వులు పూస్తుంది. పువ్వుకు వాసన ఉండదు. తిన్నగా, ఎత్తుగా పెరిగే మాను. బూడిద రంగు బెరడు గరుకుగా పగుళ్ళు వేసి ఉంటుంది. జానెడుకు పైబడిన ఈనెకు మూడు నాలుగు జతల ఆకులు, ఈనె చివర ఒంటి ఆకు లేకుండా జతతోనే ముగుస్తాయి. కాయ చెక్కలా గట్టిపడి, ఐదు చీలికలుగా విచ్చుకుంటుంది. గింజలకు రెక్కలుంటాయి. సామర్లకోటకు, పెద్దాపురానికి ఎగువనున్న కొండల్లో ఈ చెట్టు ఉన్నట్టు ఆయన రాశాడు. ఈ కర్రకు చేటు లేదని నమ్మి దేవాలయాల కొయ్య పనికంతటికీ దీనినే వాడతారని కూడా రాశాడు.

సోమిద బెరడు చేదు, వగరు. నమిలిన వారికి తెలుస్తుంది. ఆ రోజుల్లో చలిజ్వరానికి లోకంలో ఉన్న మంచి మందు ఒక్కటే, దక్షిణ అమెరికా నుంచి వచ్చే సింకోనా చెక్క. దాని ధర ఎక్కువ. ఓడలు ఆలస్యమైతే దొరకదు. దొరికినా కల్తీ. కొండ జ్వరాలతో సిపాయిలు పిట్టల్లా రాలిపోతుంటే కోట డాక్టరుకు చేతిలో మందు లేని పరిస్థితి. సోమిద చెక్క ఆ లోటు తీర్చగలదని రాక్స్‌బర్గ్ భావించాడు. చెక్కను రోగుల మీద వాడి చూశాడు. ఎడింబరోకు పంపించాడు. అక్కడి వైద్యులు పరీక్షించారు. 1794లో దీనిపైనే ఒక విద్యార్థి పట్టా కోసం వ్యాసం సమర్పించాడు.

అయితే ముందుగా అదేమి చెట్టో తేలాలి. పువ్వు విప్పిన రాక్స్‌బర్గ్‌కు పది కేసరాలు గిన్నెలా అతుక్కుని ఉండడం కనిపించింది. ఇది వెస్టిండీస్ దీవుల మహాగని చెట్టు పువ్వు పోలిక. కనుక సోమిదను మహాగనిలోనే కొత్త రకమని నిర్ణయించి, జ్వరాన్ని పోగొట్టేది అన్న అర్థం వచ్చే లాటిన్ మాటను చేర్చి పేరు పెట్టాడు. 1793లో దానిపై ప్రత్యేకంగా ఒక చిన్న పుస్తకం రాశాడు.

బిల్లు చెట్టును కూడా ఆయన మహాగని వర్గంలోనే వేశాడు. అక్కడ మాత్రం పొరపడ్డాడు. బిల్లు ఆకును వెలుతురుకు ఎత్తిపట్టి చూస్తే నిమ్మాకులో వలె సన్నని చుక్కలు కనిపిస్తాయి. నలిపితే వాసన వస్తుంది. అది నిమ్మ కుటుంబానికి చెందినదని తర్వాతి వారు తేల్చి 1824లో వేరే పేరు పెట్టారు. సోమిద మాత్రం మహాగనికి, వేపకు దగ్గర చుట్టమే. అంత పండితుడికీ తప్పు జరిగిందంటే కొత్త చెట్టును గుర్తించడం ఎంత కష్టమో తెలుసుకోవచ్చు. తప్పును దిద్దగలిగారంటే ఆయన బొమ్మ, ఆయన రాసిన వివరం అంత నిజాయితీగా ఉండబట్టే.

సోమిద చెక్క సింకోనాకు సాటి రాలేదు. 1820లో సింకోనా నుంచి క్వినైన్ తీయడం మొదలయ్యాక దాని ప్రసక్తి వెనక్కు పోయింది.

క్షామం చూసిన కళ్ళు

1789 నుంచి 1792 వరకు వానలు తప్పి సర్కారు జిల్లాల్లో ఘోరమైన క్షామం వచ్చింది. ఊళ్ళు ఖాళీ అయ్యాయి. రాక్స్‌బర్గ్ అదంతా కళ్ళారా చూశాడు. ఏ సంవత్సరం ఎంత వాన పడిందో లెక్కలు ఆయన వద్ద ఉన్నాయి. వరి ఒక్కదానినే నమ్ముకున్న చోట వాన తప్పితే గతి లేదని ఆయనకు అర్థమైంది. కరువులో పేదలకు ఆకలి తీర్చగల చెట్లేవి అన్న విషయం మీద కంపెనీకి ఒక సూచన పత్రం రాసి పంపాడు. కొబ్బరి, తాడి, ఈత, పనస, అరటి, సీమపనస, సగ్గుబియ్యపు చెట్టు వంటి వాటిని ఊళ్ళ పక్కన, కాలువ గట్ల మీద విరివిగా నాటించాలన్నది దాని సారాంశం.

రైతు గురించి కూడా ఆయన రాశాడు. పండించినదంతా శిస్తు కింద గుంజుకుంటుంటే, భూమి తనదన్న భరోసా లేని రైతు చెట్టు ఎందుకు నాటుతాడన్నది ఆయన అభిప్రాయం. కంపెనీ ఉప్పు తింటూ ఇంత మాట రాయడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. కంపెనీ శిస్తు మాత్రం తగ్గలేదు.

కలకత్తా తోటలో

1793లో కలకత్తా వద్ద శిబ్‌పూర్‌లోని కంపెనీ తోటకు ఆయనను అధికారిగా నియమించారు. ఆ ఏడే సామర్లకోట వదిలాడు. చిత్రకళ నేర్పించిన పద్ధతిని మాత్రం వదలలేదు. 1794 నాటికి సర్కారు చెట్ల బొమ్మలు సుమారు 500 లండన్‌కు చేరాయి. వాటిలో 300 ఏరి, మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. రెండవది 1798లో మొదలైంది. మూడవది పూర్తయ్యేసరికి 1820 వచ్చింది. బొమ్మలు ఏరినది లండన్‌లోని జోసఫ్ బ్యాంక్స్.

కలకత్తా తోటలో ఆయన చేరేనాటికి సుమారు 300 రకాల మొక్కలు ఉండేవి. ఇరవై ఏళ్ళకు అవి 3500 దాటాయి. టేకు నాటకాలు వేయించాడు. జనపనార, ఇతర నార మొక్కల మీద ప్రయోగాలు చేశాడు.

అశోక వృక్షానికి శాస్త్రీయంగా పేరు పెట్టింది అక్కడే. సంస్కృత పండితుడు, న్యాయమూర్తి విలియం జోన్స్ జ్ఞాపకార్థం ఆయన పేరుతో, అశోక అన్న మన మాటను చేర్చి నామకరణం చేశాడు. ఆ జోన్స్ భాగం తర్వాత పోయింది, అశోక అన్నది నిలిచింది. ఇక్కడ ఒక్క మాట. ఆఫీసుల ముందు, కళ్యాణ మండపాల ముందు వరుసగా నిలువునా పెంచే పొడవాటి చెట్టును చాలామంది అశోకమంటున్నారు. అది అశోకం కాదు, నరమామిడి. దాని పువ్వు ఆకుపచ్చగా, కనబడీ కనబడకుండా ఉంటుంది. అసలు అశోకం నారింజ, ఎరుపు రంగుల్లో గుత్తులు గుత్తులుగా, కొమ్మకు అంటుకుని పూస్తుంది. పువ్వు చూస్తే చాలు, తగవు తీరిపోతుంది.

ఆ రోజుల్లోనే సీరాంపూర్‌లో ఉన్న విలియం కేరీ అనే మత ప్రచారకుడితో ఆయనకు గాఢమైన స్నేహం ఏర్పడింది. కేరీకి మొక్కలంటే ప్రాణం. భాషలంటే అంతకు మించి. మన్యంలో బుడదరిమి అని, కొన్నిచోట్ల కుంభి అని పిలిచే చెట్టుకు రాక్స్‌బర్గ్ ఈ స్నేహితుడి పేరు పెట్టాడు. వేసవిలో ఆకు రాల్చి, పొడవాటి కేసరాల కుచ్చులతో పెద్ద పువ్వులు పూసే చెట్టు అది. కేరీ 1814లో రెండు పుస్తకాలు అచ్చు వేశాడు. ఒకటి రాక్స్‌బర్గ్ తయారుచేసిన కలకత్తా తోట మొక్కల పట్టిక. రెండవది కేరీ స్వయంగా రాసిన తెలుగు వ్యాకరణం.

అప్పటికే రాక్స్‌బర్గ్ ఆరోగ్యం చెడిపోయింది. 1813లో కలకత్తా వదిలి, ఆఫ్రికా కొననున్న కేప్‌కు, అక్కడి నుంచి సెంట్ హెలీనా దీవికి వెళ్ళాడు. జబ్బుతో ఉండి కూడా ఆ దీవిలోని చెట్ల పట్టిక రాశాడు. చివరకు ఎడింబరో చేరి 1815లో చనిపోయాడు. గ్రేఫ్రయర్స్ శ్మశానంలో సమాధి చేశారు. వెళ్ళేటప్పుడు తన ముప్పై ఏళ్ళ కష్టం, ఫ్లోరా ఇండికా రాతప్రతిని కేరీ చేతిలో పెట్టాడు. అది 1820లోనూ 1824లోనూ కొంత, 1832లో పూర్తిగా అచ్చయింది. చెట్లు కొల్లలుగా, తెలుగు పేర్లు అడుగడుగునా ఉన్న గ్రంథమది.

ఆయన గీయించిన రంగు బొమ్మలు 2500కు పైగా ఉన్నాయి. ఒక ప్రతి కలకత్తా తోటలో, మరొక ప్రతి లండన్ దగ్గరి క్యూ తోటలో భద్రంగా ఉంది. ఎక్కడైనా ఒక చెట్టు విషయంలో అనుమానం వస్తే, రాక్స్‌బర్గ్ ఉద్దేశించిన చెట్టు ఇదేనా కాదా అని పండితులు ఇప్పటికీ ఆ బొమ్మల వద్దకే వెళతారు. సామర్లకోటలో ఆ తొలి బొమ్మలు గీసిన వారెవరో, ఏ ఊరివారో పుస్తకంలో లేదు. పువ్వు లోపలి నూలు పోగంత కేసరాన్ని కూడా వంకర లేకుండా దించిన చేతులవి.

సోమిద మాత్రం కథ ఇంకా కొంత నడిపింది. మహాగనిలో రకమని ఆయన వేసిన చోట అది ఎక్కువ కాలం నిలవలేదు. కాయ తీరు వేరని, దీనికి విడిగా ఒక జాతే ఉండాలని ఫ్రాన్సు దేశపు జుస్యూ అనే పండితుడు 1830లో నిర్ణయించాడు. కొత్త జాతికి పేరు కావలసి వచ్చినప్పుడు రాజుల పేరుగాని, ప్రభువుల పేరుగాని వెదకలేదు. రాజమండ్రి కొండల్లో చెట్టు చూపినవారు చెప్పిన సోమిద అన్న మాటనే తీసుకుని జాతికి పెట్టాడు. దాని వెనుక రాక్స్‌బర్గ్ పెట్టిన జ్వరహారి అన్న మాట అలాగే ఉంచాడు. అప్పటికి డాక్టరు చనిపోయి పదిహేనేళ్ళు.